ఊపిరితిత్తుల బీపీకి ఆక్సీకరణ ఒత్తిడే కారణమా? యాంటీఆక్సిడెంట్ మాత్రలతో తగ్గుతుందా?

ప్రశ్న (తాడిపత్రి)

మా నాయన ఇరవై రెండేళ్లు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేశారు. బీడీ అలవాటు నాలుగేళ్ల కిందట మానేశారు. రెండేళ్లుగా ఆయాసం పెరుగుతూ వచ్చి, ఇప్పుడు మిద్దె మెట్లు ఎక్కాలన్నా మధ్యలో రెండుసార్లు నిలబడవలసి వస్తోంది. పోయిన నెల అనంతపురంలో ఎకో తీయిస్తే, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం 58 ఉందని, గుండె కుడి భాగం కొంత పెద్దదైందని రాశారు. చేతికి చూసిన బీపీ మాత్రం 124/80 ఉంది. డాక్టరు గారు ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అనే మాట అన్నారు గానీ, బయట రోగులు ఎక్కువగా ఉండడంతో వివరంగా అడగలేకపోయాను. ఆ మాట విని మా చిన్నాయన విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్ కలిసిన యాంటీఆక్సిడెంట్ మాత్రలు తెచ్చి ఇచ్చారు. ఈ ఒత్తిడికీ ఊపిరితిత్తుల బీపీకీ సంబంధం ఏమిటి? ఆ మాత్రలు వాడవచ్చా?

జవాబు 1 (కర్నూలు, శరీరధర్మ శాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందు అంకెల సంగతి చెబుతాను. చేతికి పట్టీ కట్టి చూసేది గుండె ఎడమవైపు నుంచి ఒళ్లంతటికీ వెళ్లే రక్తం పీడనం. కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారి వేరు, అక్కడ సగటు పీడనం మామూలుగా 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ సగటు 20 దాటితే వ్యాధిగా లెక్కిస్తారు. మీ రిపోర్టులోని 58 సగటు కాదు, పై అంకెకు ఎకో ఇచ్చిన అంచనా. కాబట్టి దాన్ని 20తో పోల్చి బెంబేలుపడకండి. కచ్చితమైన కొలత కావాలంటే సిర గుండా సన్నని గొట్టం పంపి చూడాలి.

ఇక డాక్టరు గారు అన్న ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే ఆక్సీకరణ ఒత్తిడి: చురుకైన ఆక్సిజన్ రూపాలు శరీరం అణచగలిగినదానికన్నా ఎక్కువ కావడం. వాటిని అణచే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. రక్తనాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును నిరంతరం తయారుచేస్తూ, చుట్టూ ఉన్న కండరాన్ని సడలించి దారిని వెడల్పుగా ఉంచుతుంది. కణాల్లోనే పుట్టే సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని మామూలుగా సూపర్ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైము ఎప్పటికప్పుడు అణచివేస్తుంది. అది అణచలేనంతగా పెరిగినప్పుడు సూపర్ఆక్సైడ్ వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి, పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారుతుంది. సడలించే వాయువు పోవడం ఒక నష్టం, కొత్త విషం పుట్టడం మరొకటి. అంతటితో ఆగదు. నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైముకు అవసరమైన సహాయక పదార్థాన్ని ఈ పెరాక్సీనైట్రైట్ పాడుచేయడంతో, ఆ ఎంజైమే సూపర్ఆక్సైడ్‌ను విడుదల చేయడం మొదలుపెడుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట. కాలం గడిచేకొద్దీ నాళపు గోడలోని కండర కణాలు పెరిగి గోడ మందమవుతుంది, ఆ ఇరుకులోకి రక్తాన్ని నెట్టలేక గుండె కుడి భాగం ఉబ్బుతుంది.

రాతి దుమ్ములోని సిలికా రేణువును ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు మింగుతాయి కానీ అరిగించుకోలేవు. ఆ పెనుగులాటలో అవి ఇవే చురుకైన ఆక్సిజన్ రూపాలను వెదజల్లుతూ మచ్చకట్టడానికి దారితీస్తాయి. నాపరాయిలో సున్నం పాలు ఎక్కువ, గ్రానైట్‌లో సిలికా పాలు ఎక్కువ. అందువల్ల మీ నాయన గారు ఏ రాయి ఎన్నేళ్లు కోశారో డాక్టరుకు తప్పక చెప్పండి.

అయితే ఒత్తిడి ఒక్కటే కారణమని నేను అనను. మచ్చకట్టిన చోట సన్నని నాళాలు నశించిపోతాయి. ఆక్సిజన్ తగ్గిన చోట ఊపిరితిత్తి నాళాలు వాటంతటవే బిగుసుకుంటాయి, దీన్ని 1946లోనే పిల్లులపై చేసిన ప్రయోగాల్లో చూశారు. మీ నాయన గారి విషయంలో ఈ మూడూ పెనవేసుకుని ఉండే అవకాశం ఎక్కువ.

జవాబు 2 (కడప, జీవరసాయన శాస్త్ర పరిశోధక విద్యార్థిని)

మాత్రల సంగతి నేను చెబుతాను, అక్కా. సూపర్ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎదురుపడితే చాలు, దాదాపు ప్రతిసారీ కలిసిపోతాయి. దానితో పోలిస్తే విటమిన్ సి సూపర్ఆక్సైడ్‌ను పట్టుకునే వేగం పదివేల రెట్లకు పైగా తక్కువ. నోటితో ఎన్ని మాత్రలు వేసుకున్నా ఆ పందెంలో విటమిన్ గెలవడం కష్టం. పైగా ఇవే చురుకైన ఆక్సిజన్ రూపాలు కొద్ది మోతాదులో కణాల మధ్య సంకేతాలుగా అవసరం కూడా.

బీటా కెరోటిన్ విషయంలో మాత్రం నాకు నిజంగా భయంగా ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి దాన్ని ఇచ్చి చూసిన పరిశోధన ఫలితం 1994లో వచ్చింది: ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారికీ, మానేసినవారికీ, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవారికీ విటమిన్ ఎ తో కలిపి ఇచ్చిన మరో పరిశోధనలో 28 శాతం పెరగడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. ఉసిరికాయ, ఆకుకూరలు ఆహారంగా తినడం వేరు, ఈ మాత్రలు వేరు. దయచేసి డాక్టరును అడిగేవరకు వాటిని పక్కన పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

మాత్రలు ఈరోజే ఆపించాను. పక్కింటివారి పరికరం వేలికి పెట్టి చూస్తే, కూర్చున్నప్పుడే ఆక్సిజన్ 86 చూపించింది. ఊపిరితిత్తుల బీపీకి సిల్డెనాఫిల్ పనిచేస్తుందని మెడికల్ షాపులో చెప్పారు. తెచ్చుకోవచ్చా?

జవాబు 1 రాసినవారు

సొంతంగా వద్దమ్మా. నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే సంకేతాన్ని ఆ మందు ఎక్కువసేపు నిలబెడుతుంది, నిజమే. కానీ ఊపిరితిత్తులే పాడైనప్పుడు, గాలి ఆడని భాగాలకు కూడా రక్తాన్ని మళ్లించి ఆక్సిజన్‌ను ఇంకా తగ్గించవచ్చు. గుండెనొప్పికి వాడే నైట్రేట్ మాత్రలతో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

86 అనేది ఆలస్యం చేయదగిన అంకె కాదు. రేపే ఆసుపత్రికి తీసుకెళ్లి ధమని రక్తంలో ఆక్సిజన్ పరీక్ష చేయించండి. విశ్రాంతిలో 88, అంతకన్నా తక్కువ నిలకడగా ఉన్నవారికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టడం గురించి ఆలోచిస్తారు. పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిలో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వచ్చిన రెండు పరిశోధనలు చూపాయి. బిగుసుకున్న నాళాలకు అది నేరుగా అందే సాయం. సిలికా దుమ్ము పీల్చినవారికి క్షయ త్వరగా సోకుతుంది కాబట్టి కఫం పరీక్ష కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారు

రేపు పొద్దున బస్సుకే బయలుదేరుతాము, సార్. మా తమ్ముడు కూడా మూడేళ్లుగా అదే పనిలో ఉన్నాడు, పొడి గ్రైండరుతో అంచులు కోస్తాడు. వాడినీ వెంటబెట్టుకుని వెళ్లి ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయిస్తాను.