అప్‌డేట్: మొదటి అడుగు వేగం కోసం జంప్ ట్రైనింగ్

కబడ్డీ రైడ్‌లో మొదటి అడుగు వేగం పెరగాలంటే ఏ జంపులు చేయాలని ఇంతకుముందు అడిగాను. ఎగిరి ఎక్కే బాక్సు ఎత్తుకన్నా పాదం నేలమీద నిలిచే సమయాన్ని తగ్గించడమే ముఖ్యమని చాలామంది చెప్పారు. ఆ ప్రకారమే గచ్చిబౌలిలో, సిమెంటు నేల వదిలి గడ్డిమీద, వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో పోగో జంపులు (మోకాళ్లు పెద్దగా వంచకుండా మునివేళ్లమీద వరుసగా ఎగరడం), తక్కువ ఎత్తు బాక్స్ జంపులు చేస్తున్నాను. మడమ నేలకు తగిలి ధబ్బుమని చప్పుడు వచ్చిందంటే ఆ సెట్టు అక్కడితో ఆపేస్తాను. సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ ప్రాచుర్యంలోకి తెచ్చిన, బాక్సు మీంచి దిగి వెంటనే పైకి ఎగిరే డెప్త్ జంప్‌ జోలికి మాత్రం ఇంకా వెళ్లలేదు. దిగిన క్షణంలో సాగిన కండరాల్లో, స్నాయువుల్లో నిలిచిన శక్తి వెంటనే పైకి ఎగిరితేనే అక్కరకు వస్తుంది, ఆలస్యమైతే వేడిగా మారి వృథా అవుతుంది. నాకు ఆ చురుకు ఇంకా రాలేదు. అయినా బోనస్ గీత దాటి వెనుదిరగడం ఇప్పటికే తేలికైంది.