ఫంగస్ చేపల చెరువుకి కోడి వ్యర్థం వేయొచ్చా?

కైకలూరు_కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. కైకలూరు దగ్గర 3 ఎకరాల చెరువు లీజుకి తీసుకుని ఫంగస్ (పంగాసియస్) చేప వేశాను, ఇదే మొదటి పంట. తేలే మేత ధర చూస్తుంటే పట్టుబడి నాటికి చేతిలో ఏమీ మిగిలేలా లేదు. పక్క చెరువాయన రాత్రిళ్లు బండ్లలో చికెన్ షాపుల వ్యర్థం తెప్పించి పోస్తున్నాడు, పేగులు, తలకాయలు, ఈకలు అన్నీ కలిపే. చేప బాగానే ఎదుగుతోంది. నన్నూ నాలుగు డ్రమ్ములు తీసుకోమంటున్నాడు కానీ నాకేమో టెన్షన్‌గా ఉంది. ఉడకబెట్టి వేస్తే పర్లేదా? ఫ్యాక్టరీ మేతలోనూ మాంసం పొడి కలుపుతారంటారు కదా, మరి తేడా ఏంటి?

చెరువుగట్టు:
వద్దు తమ్ముడూ. నేనూ ఒక పంటకి పోసినవాణ్నే. మొదటి రెండు నెలలు బ్రహ్మాండం. తర్వాత ముసురు పట్టిన ఓ రాత్రి, అడుగున కుళ్లిందంతా ఆక్సిజన్ లాగేసింది, తెల్లారేసరికి కలిపి వేసిన శీలావతి, బొచ్చె తెల్లగా తేలాయి. ఫంగస్ పైకొచ్చి గాలి మింగే చేప కాబట్టి బతికింది, అందరికీ ఆ ధైర్యమే. కానీ అమ్మోనియా పెరిగితే అదీ మేత మానేస్తుంది. పైగా మన రాష్ట్రంలో చేపలకి కోడి వ్యర్థం వేయడం నిషేధం, బండ్లు పట్టుకుని కేసులు పెడుతున్నారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, ఆ రోజుల్లో ఏ ఫారం కోడి ఏ డ్రమ్ములో ఉందో ఎవడికి తెలుసు?

పొడిమిల్లు:
కోడి వ్యర్థాన్ని పొడి చేసే రెండరింగ్ ప్లాంటులో పనిచేస్తాను కాబట్టి తేడా చెప్తా. సరుకు అదే, పేగులూ తలకాయలే. మేం అదే రోజు తెచ్చి, ఆవిరితో నడిచే కుక్కర్‌లో వేసి, నీరంతా పోయేదాకా ఉడికించి, కొవ్వు పిండేసి, మిగిలింది పొడి కొడతాం. 100 కిలోలకి పొడి వచ్చేది పాతిక, ముప్పై కిలోలే, మిగతాదంతా నీరూ కొవ్వూ. మీ పక్కాయన చెరువులో పోసేది ఎక్కువగా ఆ నీళ్లే అన్నమాట. ఈకలైతే పచ్చిగా ఏ చేపకీ అరగవు, ఒత్తిడిలో ఉడికితేనే అందులో ప్రొటీన్ విడుతుంది. డ్రమ్ములో ఉడకబెట్టడం అంటారా, 100 డిగ్రీల దగ్గర చాలా క్రిములు చస్తాయి కానీ మొండి రకాలు మిగులుతాయి, అందుకే ఐరోపాలో ఒక పద్ధతికి 133 డిగ్రీలు, 3 బార్ల ఒత్తిడి, 20 నిమిషాలు అని పెట్టారు. కొవ్వూ అలాగే ఉంటుంది, రెండో రోజుకే కంపు కొడుతుంది. ఇంకోటి, నిన్న మొన్నటి కుళ్లిన వ్యర్థాన్ని ఎంత ఉడికించినా మంచి మేత కాదు.

గేదెల_ఆసామి:
అన్నా, ఆ పొడి మా గేదెల దాణాలో కొంచెం కలపొచ్చా? పాలు పెరుగుతాయని ఒకాయన చెప్పాడు.

పొడిమిల్లు:
ఆ మాట చెప్పినాయనకి దణ్ణం పెట్టి పంపెయ్యండి. బ్రిటన్‌లో ఆవులకి ఆవుల మాంసం పొడి తినిపించడం వల్లే పిచ్చి ఆవు జబ్బు వ్యాపించింది, 1986లో బయటపడింది, ఆ జబ్బు కారకం మామూలు వేడికి చావదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా పాడి పశువులకి పశువుల, పందుల మాంసం పొడి, ఎముకల పొడి పెట్టకూడదంది, కోళ్లకి, పందులకి, చేపలకి మాత్రమే మినహాయింపు. మాది కోడి సరుకే అయినా గేదెలకని అడిగితే అమ్మం.

కైకలూరు_కుర్రాడు:
సరేనండి, డ్రమ్ములు వద్దని చెప్పేశా. డీఓబీ (నూనె తీసిన తవుడు) కొంచెం పెంచి తేలే మేత ఒక పూటే వేస్తా. కానీ ఆయన చెరువు నీళ్లు తీసినప్పుడు అదే బోదెలోంచి నాకొస్తాయి, దానికేం చేయాలి?

చెరువుగట్టు:
ఆయన నీళ్లు వదిలే రోజు ముందే కనుక్కుని నీ తూము మూసెయ్. బోదె నీళ్ల రంగు మారేదాకా, వాసన పోయేదాకా తెరవకు.