అప్‌డేట్: నెలనెలా డబ్బులా, కుట్టుమిషనా?

భర్త పోయి, పిల్లలతో మిగిలిన ఆడవాళ్లకు మా చిన్న బృందం నెలనెలా డబ్బివ్వాలా, కుట్టుమిషన్లు కొనివ్వాలా అని అడిగాను కదా. రెండూ ఇస్తున్నాం, కాకపోతే వరసలో.

మీలో ఒకరు చెప్పిన బ్రాక్ పద్ధతి చదివాను. బ్రాక్ అంటే బంగ్లాదేశ్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ. బాగా పేద కుటుంబాల కోసం ఈ పద్ధతిని అక్కడ 2002లో మొదలుపెట్టింది. మేకలో, ఆవో, వ్యాపారానికి సరుకో ఇస్తారు. దానిమీద రాబడి వచ్చేదాకా తిండి ఖర్చులకు కొంత డబ్బు. పైగా శిక్షణ, పొదుపు, ఇంటికొచ్చి కనుక్కునే మనిషి. ఇలాంటిదాన్నే ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. సాయం ఆగిన ఏడాదికి కూడా చాలాచోట్ల కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి. హోండురాస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లకు జబ్బు తగిలి దెబ్బతిన్నారు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన వివరం అదే.

అందుకే అందరికీ ఒకే వస్తువు అనే ఆలోచన మానేశాం. ఏం కావాలో సాయం తీసుకునే ఆవిడే చెబుతుంది. ఒకావిడ మిషన్ వద్దనేసింది, చుట్టుపక్కల కుట్టేవాళ్లు ఎక్కువట. నిజమే, మాకు తట్టనే లేదు! పిల్లల ఫీజులు విడిగా కడుతున్నాం, లేకపోతే పెట్టుబడి కాస్తా బడికే పోతుంది. మిషన్ పక్కన నిలబెట్టి ఫొటోలు తీయడం మాత్రం ఉండదు. దాతల్లో ఇద్దరు అలిగారు, అలగనీ.