వరంగల్‌లో భీమారం వైపు మంచి కిరాణా షాపు ఎప్పుడొస్తుంది? అప్పటిదాకా నెల సామాను ఎక్కడ తెస్తున్నారు?

భీమారం కొత్త ఇల్లు:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పదకొండేళ్లు ఉండి, కిందటి దసరాకు భీమారంలో సొంతింటికి వచ్చేశాం. ఇల్లు, గాలి, నీళ్లు, పిల్లల బడి అన్నీ కుదిరాయి. కిరాణా సామాను ఒక్కటే కుదరడం లేదు.

మా గల్లీకి అటూ ఇటూ కలిపి నాలుగు షాపులున్నాయి. నాలుగింట్లోనూ అవే బిస్కెట్లు, అవే సబ్బులు, గుమ్మానికి వేలాడే అవే చిప్స్ ప్యాకెట్ల దండలు. పనీర్ అడిగితే ‘రేపు తెప్పిస్త మేడం’ అంటారు. ఆ రేపు నాలుగు నెలలుగా రావట్లేదు. మొన్న గోధుమపిండి ప్యాకెట్ విప్పి జల్లిస్తే జల్లెడలో తెల్ల పురుగులు మెసులుతున్నాయి. తీసుకెళ్లి చూపిస్తే ‘విప్పినంక వాపస్ తీసుకోం’ అన్నారు. ఆదివారం హన్మకొండలో ఒక పెద్ద షాపుకి పోతే బండి పెట్టడానికి ఇరవై నిమిషాలు, బిల్లు దగ్గర నలభై నిమిషాలు. ఇంటికొచ్చేసరికి పిల్లాడి ఐస్‌క్రీమ్ పాలైపోయింది. డెలివరీ యాప్ తెరిచి మా ఇంటి మీద పిన్ను పెడితే ‘మీ ప్రాంతంలో సేవలు లేవు’ అంటుంది. అదే పిన్నును కేయూ క్రాస్‌రోడ్డు మీదికి జరిపితే షాపు మొత్తం తెరిచి చూపిస్తుంది!

నా సందేహాలు రెండు. ఇటువైపు పెద్ద షాపు వచ్చే సూచనలున్నాయా? వచ్చేదాకా మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు? మా అత్తమ్మకు షుగర్ ఉంది, బియ్యం సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు.

గోపాలపూర్ పాతకాపు:
చెల్లె, నువ్వు నయం. మేం వచ్చిన కొత్తలో పాల ప్యాకెట్‌కి కూడా నయీంనగర్ దాకా పోయేవాళ్లం. పనీర్ అనే మాటే ఎత్తేవాళ్లం కాదు.

ప్లాట్ల పని చేసేవాడిని:
మొదటి ప్రశ్నకు నాకు తెలిసింది చెబుతాను. పెద్ద షాపులవాళ్లు చూసేది ఊరి జనాభాను కాదు, షాపు చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లలో పొయ్యి వెలిగే ఇళ్లను. మన వైపు ప్లాట్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ. పది ప్లాట్లు అమ్ముడుపోతే అందులో ఇల్లు లేచేది మూడింట్లో. మిగతావి పెట్టుబడికి కొని తుమ్మచెట్లకు వదిలేసినవి. వాళ్లకు ఆ తుమ్మచెట్లు కూడా కనబడతాయి, మనకే కనబడవు.

రెండోది స్థలం. రోడ్డు మీదికి ముఖం ఉండాలి, లారీ తిరగాలి, కార్లు ఆగాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లు మూడు మడిగెలు కలిపి ‘డీమార్ట్‌కి ఇప్పించు అన్నా’ అంటారు. డీమార్ట్ 2002లో ముంబైలో మొదలైనప్పటి నుంచీ ఎక్కువగా సొంత స్థలంలో, సొంత బిల్డింగులోనే షాపు పెడుతూ వచ్చింది. అద్దె మడిగెలు చూపిస్తే వాళ్లకు పనికిరావు. అద్దెకు తీసుకునే చిన్న సూపర్ మార్కెట్లవాళ్లు వేరు. వాళ్లకు మాత్రం మూడు షటర్ల బిల్డింగు, ముందు పార్కింగ్ ఉంటే చాలు, మాట్లాడొచ్చు.

వస్తాయా అంటే, వస్తాయి. 2013లో 42 ఊళ్లను కార్పొరేషన్‌లో కలిపినప్పటి నుంచి నగరం ఇటు కరీంనగర్ రోడ్డుకు, అటు మడికొండకు, ఇంకో పక్క మామునూరుకు పాకుతూనే ఉంది. కాజీపేటలో రైల్వే ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన అయింది. కానీ ఏ నెల, ఏ సంవత్సరం అని ఎవరైనా ఖాయంగా చెబితే వాళ్లు మీకు ప్లాటు అమ్మడానికి వచ్చారని అర్థం చేసుకోండి. నేనే చెప్పినా సరే.

కుమార్‌పల్లి అక్క:
నాకు ఈ చర్చ చూస్తే నవ్వొస్తోంది. వరంగల్‌లో సామాను దొరకదంటే మా నాన్న నమ్మడు. దొరకనిది సామాను కాదు, అన్నీ ఒకే కప్పు కింద ఏసీలో దొరకడం. అది కావాలంటే ఆగాలి. ఈలోపు నేను చేసేది చెబుతాను, నచ్చితే చేయండి.

పప్పులు, నూనె, చింతపండు, పల్లీలు, ఎండుమిర్చి, మసాలా దినుసులు రెండు నెలలకోసారి వరంగల్ బీట్ బజార్‌లో తెస్తాను. కూరగాయలకు రైతు బజార్, లేదంటే మా కుమార్‌పల్లి మార్కెట్. అటువైపు ఉండేవాళ్లకు లక్ష్మీపురం. పాలు, పెరుగు, బ్రెడ్డు మాత్రం ఇంటి పక్కనే. బీట్ బజార్‌కి ఆదివారం పోవద్దు, పొద్దున పది దాటాక కూడా పోవద్దు. ట్రాలీలు అడ్డం పెట్టి దింపుతుంటారు, స్కూటీ కూడా దూరదు. చిట్టీ రాసుకుని పొండి. ‘కిలో కందిపప్పు ఎంత’ అంటూ ఒక్కొక్కటే అడిగితే కుర్రాడు మొహం తిప్పుకుంటాడు. ‘ఐదు కిలోల కంది, మూడు మినప, రెండు శనగ’ అంటే కుర్చీ వేస్తాడు. మేం మా అపార్ట్‌మెంట్‌లో మూడిళ్లవాళ్లం కలిసి తెచ్చి పంచుకుంటాం.

కందిపప్పు తీసుకునేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్దండి. చేతికి పసుపు రంగు అంటుకుందంటే ఆ బస్తా వద్దు. బియ్యమైతే నాలుగు గింజలు పంటి కింద పెట్టండి. కటుక్కున విరిగితే పాతవి. మెత్తగా నలిగితే కొత్తవి, అన్నం ముద్దవుతుంది. కొత్తవే వచ్చాయంటే నీళ్లు తగ్గించి వండుకోవడమే.

బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో చాలామంది అడుగుతుంటారు. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. మిల్లులవాళ్లు ఇంకో కిలో కలిపి 26 చేశారు. అంతే. కాబట్టి ధర పోల్చేటప్పుడు బస్తాకు కాదు, కిలోకు ఎంత పడుతుందో చూడండి. 25 బస్తా చవక అనుకుని తెచ్చుకుని తర్వాత లెక్కేసి తల పట్టుకున్నది నేనే.

షుగర్ ఉన్న అత్తమ్మ గారికి తెలంగాణ సోనా చూడండి. షాపులో ఆర్‌ఎన్‌ఆర్ అంటే తెలుస్తుంది, ఆర్‌ఎన్‌ఆర్ 15048. రాజేంద్రనగర్‌లో తయారైన రకం. గ్లైసిమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే లెక్క, 51 చుట్టుపక్కల ఉంటుందంటారు. అలాగని రెండు పళ్లేలు తింటే ఏ బియ్యమూ కాపాడదు, డాక్టర్‌ని అడిగే తినిపించండి. బస్తా మీద పేరు ఒకటి, లోపల కలిపింది ఇంకొకటి ఉంటుంది కాబట్టి మొదటిసారి ఐదు కిలోలు తెచ్చి వండి చూడండి.

కారం విషయానికి వస్తే, మిర్చికి పేరున్న ఊళ్లో ఉంటూ ప్యాకెట్ కారం కొనడం నాకైతే మనసొప్పదు. ఏనుమాముల యార్డు టోకు మార్కెట్, చిల్లరగా కొనేచోటు కాదు, అక్కడికి పోయి ‘రెండు కిలోలు ఇవ్వండి’ అనకండి. వేసవి మొదట్లో బీట్ బజార్‌లోనే చపాట మిర్చి దొరుకుతుంది. గుండ్రంగా టమాటలా ఉంటుంది, 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది. రంగు ఎర్రగా వస్తుంది, ఘాటు తక్కువ. అందుకని నేను అందులో మూడో వంతు ఘాటైన తేజ మిర్చి కలిపి, తొడిమలు తీసి, రెండు ఎండలు పెట్టి గిర్నీకి తీసుకెళ్తాను. గిర్నీ దగ్గర మీ ముందు ఎవరి పసుపు పట్టారో చూసుకుని నిలబడండి. ఒకసారి మా కారం మొత్తం నారింజ రంగులో వచ్చింది.

నిట్ హాస్టల్ విద్యార్థి:
అక్కా, కాజీపేట వైపు ఆవనూనె, మంచి రాజ్మా ఎక్కడ దొరుకుతాయి? మా రూమ్మేట్ది బీహార్, రోజూ నా ప్రాణం తీస్తున్నాడు.

కుమార్‌పల్లి అక్క:
రైల్వే క్వార్టర్స్ దగ్గరి చిన్న షాపుల్లో అడుగు తమ్మీ. పెద్ద షాపుల్లో వెతక్కు. ఉత్తరాదివాళ్లు ఏళ్లుగా ఉండేచోట వాళ్ల సామాను దానంతటదే వస్తుంది.

హసన్‌పర్తి రోడ్డు కిరాణం:
మేడం, నేను అలాంటి ‘రేపు తెప్పిస్త’ షాపు నడిపేవాడినే, మీ గల్లీది కాదు లెండి. మా బాధ కూడా వినండి.

పనీర్ ఎందుకు తెప్పించమంటే, డిస్ట్రిబ్యూటర్ ఒక్క ప్యాకెట్ వేయడు, డబ్బా దించుతాడు. వారంలో మూడు ప్యాకెట్లు పోతాయి, మిగతావి తేదీ దాటుతాయి. బిస్కెట్లు, సబ్బులు ఎక్స్‌పైరీ అయితే కంపెనీ వాపస్ తీసుకుంటుంది. పాల సామాను చాలాసార్లు తీసుకోదు, అది నా జేబులోంచి పోతుంది. దానికి తోడు ఫ్రిజ్ కరెంటు, కమర్షియల్ మీటరు. పొద్దున మూడు గంటలు కరెంటు పోతే ఫ్రీజర్‌లో ఉన్నదంతా నేనూ మా ఇంట్లోవాళ్లూ తినాలి.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. నెల మొదట్లో పెద్ద సామానంతా పెద్ద షాపులో, ఇరవయ్యో తారీకు తర్వాత ఉద్దెర మాత్రం మా దగ్గర. అలా అయితే నేను ఏ లాభంతో మంచి సరుకు పెట్టాలి?

కానీ దారి ఉంది. మా పక్క కాలనీవాళ్లు చేశారు. పదిహేను ఇళ్లవాళ్లు వాట్సాప్‌లో ఒక సామాను చిట్టీ పెట్టారు. శుక్రవారం రాత్రికల్లా ఎవరికేం కావాలో రాస్తారు, డబ్బులు ముందే ఫోన్‌పే కొడతారు. శనివారం పొద్దున నేను తెస్తాను. పనీర్, బ్రౌన్ బ్రెడ్డు, ఓట్స్, పుట్టగొడుగులు, అన్నీ. మొదట్లో నాలుగు ప్యాకెట్ల పనీర్, ఇప్పుడు పద్దెనిమిది. మిగలదు కాబట్టి నాకు భయం లేదు. పాలు, పెరుగు ముల్కనూరు మహిళా డెయిరీవి పెట్టాను, మన జిల్లా సరుకు, బండి రోజూ వస్తుంది. మీ గల్లీలో నలుగురిలో ఎవరు వయసులో చిన్నవాడో చూసి అతన్ని అడగండి. పెద్దాయన మారడు, మా నాన్న కూడా మారలేదు.

సుబేదారి రిటైర్డ్ సార్:
పురుగుల పిండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ‘విప్పినంక వాపస్ లేదు’ అనేది చెల్లదమ్మా. విప్పకుండా లోపల పురుగుందని ఎలా తెలుస్తుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పాడైన సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. చిన్న షాపుల్లో మనం బిల్లు అడగం, అదే మన తప్పు. చీటీ మీద తేదీ, ధర రాసి సంతకం పెట్టమన్నా చాలు, ఫోన్‌పే కొట్టిన రుజువు కూడా దాచుకోండి.

అయితే ముందు గొడవకు పోవద్దు. ప్యాకెట్ మీద కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ ఉంటుంది. బ్యాచ్ నంబర్, తేదీ, పురుగులు కనబడేలా ఫొటో తీసి వాళ్లకు పంపండి. పిండి షాపాయన తయారు చేసింది కాదు కదా. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంకో రెండు ముక్కలు. కూల్‌డ్రింక్ మీద ‘కూలింగ్ చార్జీ’ అని ఎంఆర్‌పీ కంటే రూపాయి ఎక్కువ తీసుకోవడం తప్పు. మిఠాయి తూచేటప్పుడు అట్టపెట్టెను కలిపి తూస్తే పెట్టెకు కూడా మిఠాయి ధర కడుతున్నట్టే, ముందు పెట్టె పెట్టి కాంటా సున్నా చేయమనండి. ప్యాకెట్ మీద ఇప్పుడు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, అద్దాలు పెట్టుకోండి. నేనైతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తాను.

గోపాలపూర్ పాతకాపు:
సార్, మిఠాయి షాపులో పెట్టె సంగతి మొన్న అడిగితే ‘మీకొక్కరికే కష్టమైందా అంకుల్’ అన్నాడు.

సుబేదారి రిటైర్డ్ సార్:
‘అవును, నాకొక్కడికే’ అని నిలబడండి. వెనక లైను పెరిగితే వాడే పెట్టె తీసేస్తాడు.

భీమారం కొత్త ఇల్లు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ థ్యాంక్స్.

పిండి కంపెనీకి ఫొటోలు పంపాను. ఐదో రోజున ఫోన్ చేసి కొత్త ప్యాకెట్ షాపుకే పంపారు. షాపాయన ఇస్తూ ‘నాకు ముందే చెప్పొచ్చు కద మేడం’ అన్నారు. చెప్పాను కదండీ అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం.

బీట్ బజార్‌కి శనివారం ఎనిమిదిన్నరకి పోయాం, పక్కింటి వదిన, నేను. చిట్టీ తీస్తే నిజంగానే కుర్చీ వేశారు! ఆర్‌ఎన్‌ఆర్ ఐదు కిలోలు తెచ్చి వండాను. అత్తమ్మ రెండు ముద్దలు తిని ‘మన ఊరి బియ్యం లెక్క లేవు, పర్లేదు’ అంది. ఆమె నోట పర్లేదు అంటే మంచివే.

శుక్రవారం చిట్టీ కూడా మొదలుపెట్టాం. నలుగురిలో చిన్నవాడు ఒప్పుకున్నాడు. పోయినవారం తొమ్మిది ఇళ్లు, పనీర్ ఆరు ప్యాకెట్లు. ఒకరు డబ్బులు ముందు వేయలేదు, ప్యాకెట్ తీసుకోలేదు, దానికి నేనే కట్టాల్సి వచ్చింది. హసన్‌పర్తి అన్నా, అలాంటివాళ్లతో మీ దగ్గర ఏం చేస్తారు?

హసన్‌పర్తి రోడ్డు కిరాణం:
గ్రూపులో పేరు తీయం మేడం, బాగుండదు. డబ్బులు రానివాళ్ల సామాను తీసుకురాం. రెండోవారానికి అందరికీ అలవాటవుతుంది. ఆ ఒక్క ప్యాకెట్ మాత్రం మీరే పాలక్ పనీర్ చేసుకోండి.