ఒక్క కణం వేడిని కొలవగలమా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం): మత్తు మందు పడితే కొందరికి ఒళ్ళు కాలిపోయే జబ్బు మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. 1960లో మెల్‌బోర్న్‌లో డెన్‌బరో, లవెల్ అనే డాక్టర్లు బయటపెట్టారు. చాలామందిలో తప్పు ఉండేది ఆర్‌వైఆర్1లో, అంటే కండర కణం లోపలి కాల్షియం నిల్వ సంచికి ఉండే ద్వారంలో. హాలోథేన్ లాంటి మత్తు వాయువులు తగిలితే అది తెరుచుకుపోతుంది. బయటపడ్డ కాల్షియాన్ని మళ్ళీ సంచిలోకి తోడే పంపులు ఏటీపీ అనే కణ ఇంధనాన్ని ఖర్చుచేస్తాయి, వేడి పుడుతుంది. ఇంతవరకు తగువు లేదు. తప్పున్న ఆ ద్వారపు జన్యువు పెట్టిన కణాల్లోకి, వేడికి మెరుపు మారే రంగు ఎక్కించి ఒక్కో కణాన్నీ కొలవొచ్చంటాను.

బొబ్బిలి ఫిజిక్స్: ఒప్పుకోను మాస్టారూ. ఒక కణం పుట్టించేది వంద పికోవాట్లు (పికో అంటే లక్ష కోట్లో వంతు) అనుకోండి. చుట్టూ నీళ్ళే. లెక్కేస్తే పెరుగుదల డిగ్రీలో లక్షో వంతు దాటదు. రంగులేమో ఒక డిగ్రీ అంటున్నాయి! 2014లో ఫ్రాన్స్ భౌతికవేత్త బఫూ బృందం ఎత్తిచూపిన లక్ష రెట్ల తేడా ఇదే. పైగా ఆమ్లత మారినా, కాల్షియం మారినా కొన్ని రంగుల మెరుపు మారుతుంది. మీ కణాల్లో మారేదే కాల్షియం.

నాగావళి గట్టు: మరి రోగికి ఐదు నిమిషాలకో డిగ్రీ ఎలా పెరుగుతుందోయ్?

పలాస జీడి: వేయించిన గింజ ఒక్కటి చేతిలోకి తీసుకుంటే ఊదేలోపే చల్లారిపోద్ది. అదే బస్తాలో పోసి మూతి కట్టండి, ఎంతసేపైనా వెచ్చగానే ఉంటది. మనిషి బస్తా, కణం గింజ.

విజయనగరం మత్తు టెక్నీషియన్: అసలు వేడి చాలాసార్లు ఆలస్యంగా కనబడుతుంది సార్. ముందు ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మేం టెన్షన్ పడేది దానికే. డాంట్రోలీన్ అనే విరుగుడు మందు ఇచ్చేదీ ఆ ద్వారం మూయడానికే.

నాగావళి గట్టు: జీడిగింజ పోలిక బాగుంది, కాస్త తగ్గుతాను. థాప్సిగార్జిన్ అనే రసాయనంతో పంపులు ఆపి చూడాలి. అప్పుడూ మెరుపు అలాగే మారితే అది పంపుల వేడి కాదు. జపాన్ వాళ్ళు 2022లో దారి తిప్పారు: పరారుణ లేజర్‌తో కణాలనే వేడిచేశారు. మార్పున్న ద్వారాలు తక్కువ వేడికే కాల్షియం వదిలాయి.

బొబ్బిలి ఫిజిక్స్: అది ఒప్పుకుంటాను. అక్కడ కొలిచింది వేడికి లొంగడం, వేడి పుట్టించడం కాదు. పుట్టించేది తేలాలంటే లక్షల కణాలు వేడి కొలిచే కాలరీమీటర్‌లో పోయాలి.

నాగావళి గట్టు: అన్ని కణాల్లోకీ జన్యువు సమానంగా దిగదే! ఎక్కినదేదో, ఎక్కనిదేదో కలిసిపోతాయి.

బొబ్బిలి ఫిజిక్స్: జన్యువు నిలిచిన కణాలను ముందు వేరుచేసి పెంచుకోండి. ఆ తర్వాత పోయండి.