సింగపూర్ ఓడ ప్రయాణం: ఎదిగిన పిల్లలున్న కుటుంబాలు గదులు ఎలా తీసుకోవాలి?

గదుల బాధ్యత, హన్మకొండ

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో సింగపూర్‌లో ఉన్న మన ఓరుగల్లు కుటుంబాలతో కలిసి బతుకమ్మ ఆడి, మర్నాడు ఓడెక్కి పినాంగ్ దాకా వెళ్లి వచ్చే మూడు రాత్రుల కార్యక్రమానికి మన వైపు నుంచి పదకొండు కుటుంబాలు పేర్లిచ్చాయి. గదుల పని నాకు అప్పజెప్పారు. నిన్న రాత్రి లిస్టు ముందేసుకుని కూర్చుంటే, ఎనిమిది కుటుంబాలు "నలుగురికి ఒక బాల్కనీ గది" అని రాసి ఉన్నాయి. వాటిలో ఆరు ఇళ్లల్లో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలున్నారు. ఏజెంట్ మనకోసం గదులు ఆపి పెట్టింది ఈ నెలాఖరు వరకే. డబ్బు కట్టేముందు దయచేసి ఇది ఒక్కసారి చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎదిగిన పిల్లలుంటే ఒక బాల్కనీ గది కంటే, కిటికీ లేని లోపలి గదులు రెండు పక్కపక్కన తీసుకోవడం మేలు. సముద్రం చూడాలంటే పై డెక్కు మీదికి వెళ్లి ఎంతసేపైనా చూడొచ్చు. గదిలో రెండో బాత్రూమ్ మాత్రం అడిగినా రాదు.

రెండేళ్ల క్రితం నేను, మా ఆయన, పదహారేళ్ల బాబు, పద్నాలుగేళ్ల పాప ఇలాగే ఒకే బాల్కనీ గదిలో వెళ్లాం. ఓడల్లో మామూలు గది 150 నుంచి 200 చదరపు అడుగుల మధ్య ఉంటుంది. మన ఇళ్లల్లో పదమూడు బై పదమూడు పడకగది ఉంటుంది కదా, అంతే. ఆ జాగాలోనే బాత్రూమ్, బీరువా, సోఫా అన్నీ. పగలు చూస్తే రెండు మంచాలు, ఒక సోఫా ఉంటాయి. మనం రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు గది సర్దే అతను వచ్చి సోఫాను పడకలా పరుస్తాడు, పైకప్పులో ముడిచి ఉన్న నాలుగో పడకను కిందికి దించుతాడు. రైల్లో అప్పర్ బెర్త్ లాంటిదే, నిచ్చెన పెట్టుకుని ఎక్కాలి. అవన్నీ పరిచాక నడవడానికి ఒక్క మనిషి పట్టేంత సందు మిగులుతుంది. అర్ధరాత్రి లేచిన మా ఆయనకు ఆ నిచ్చెన తగిలి బొటనవేలి గోరు చితికింది. బాబు ఐదడుగుల పది అంగుళాలుంటాడు, తెల్లారి లేచి కూర్చోబోతే నుదురు పైకప్పుకు కొట్టుకుంది.

అవి సర్దుకోగలిగినవే. నాకు ఇప్పటికీ మనసులో ఉన్నది వేరే. రెండో రోజు పొద్దున పాపకు నెలసరి వచ్చింది. బట్టలు మార్చుకోవాలంటే చేతులు చాపితే గోడలు తగిలే ఆ బాత్రూమ్ ఒక్కటే దిక్కు. వాళ్ల నాన్న, అన్న కారిడార్‌లోకి వెళ్లి అరగంట నిలబడ్డారు. పాప మాత్రం లోపలి నుంచి "అమ్మా, వాళ్లు వెళ్లారా? నిజంగా వెళ్లారా?" అని అడుగుతూనే ఉంది. ఆ రోజు ఊరు చూడటానికి దిగనంది. మిగతా పిల్లలంతా దిగి తిరిగొస్తే ఇది దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎంతో ఆశపడి తీసుకెళ్లిన ప్రయాణంలో పిల్లకు తనదంటూ ఒక తలుపు కూడా లేకుండా చేశాం. మన లిస్టులో ఆ వయసు ఆడపిల్లలు ఏడుగురున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గదులు అడిగేటప్పుడు మాట జాగ్రత్త. "పక్కపక్క గదులు" అంటే ఒకటి, "కనెక్టింగ్ గదులు" అంటే ఇంకొకటి. కనెక్టింగ్ అంటే రెండు గదుల మధ్యన లోపల తలుపుంటుంది, కారిడార్‌లోకి రాకుండానే అటూ ఇటూ తిరగొచ్చు. పక్కపక్కన అంటే గోడ ఒకటే, తలుపు ఉండదు. ఏజెంట్లు ఫోన్లో రెండింటికీ ఒకటే మాట వాడేస్తారు. గది నంబర్లు, మధ్య తలుపు ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. "గ్యారంటీ గది" అని కొంచెం తక్కువకు ఇస్తామంటే తీసుకోకండి. అందులో గది నంబరు వాళ్లిష్టం, ప్రయాణం దగ్గరపడ్డాక చెప్తారు. మీరు ఆరో అంతస్తులో, పిల్లలు పదో అంతస్తులో పడే ప్రమాదం ఉంది.

కరీంనగర్ నుంచి

వదినా, మీరు చెప్పింది మా ఆవిడ చదివి వెంటనే ఒప్పుకుంది. కానీ రెండు గదులంటే ఖర్చు డబుల్ అవుతుంది కదా? మాది నలుగురి టికెట్లూ ఒక్క జీతం మీదే.

గదుల బాధ్యత, హన్మకొండ

అవదు తమ్ముడూ. ఓడలో గదికి అద్దె ఉండదు, మనిషికి ఇంత అని ఉంటుంది. గదిలో మొదటి ఇద్దరికీ పూర్తి ధర, మూడో మనిషికి, నాలుగో మనిషికి చాలాసార్లు తగ్గిస్తారు. కాబట్టి ఒక బాల్కనీ గదిలో నలుగురంటే ఇద్దరికి బాల్కనీ పూర్తి ధర, ఇద్దరికి తగ్గింపు ధర. రెండు లోపలి గదులంటే నలుగురికీ లోపలి గది పూర్తి ధర. లోపలి గదే అన్నిటికంటే చవక కాబట్టి రెండు లెక్కల మధ్య తేడా మనం భయపడ్డంత రాదు, ఒక్కోసారి దాదాపు సమానమవుతుంది. రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే రోజువారీ టిప్పులు ఎలాగూ తలకింత, గది మారినా అవి మారవు. ఏజెంట్‌తో రెండు లెక్కలూ ఒకే రోజు వేయించుకోండి, రేట్లు రోజురోజుకీ మారుతుంటాయి. మీ నలుగురి లెక్క నేనే ఈ రోజు అడిగి పెడతాను, మీరు టెన్షన్ పడకండి.

సింగపూర్ కమిటీ

అక్కా, ఇక్కడి నుంచి రెండు మాటలు. నలుగురు పట్టే గదులు, మధ్య తలుపున్న గదులు ఓడలో కొన్నే ఉంటాయి, అవే ముందు అయిపోతాయి. ఇంకొకటి, నాలుగు పడకలు కనబడుతున్నా కొన్నిసార్లు నలుగురికి ఇవ్వరు. ఆ వైపు లైఫ్‌బోట్లలో పట్టే మనుషుల లెక్క నిండిపోతే అంతే. కాబట్టి ఆలస్యం చేస్తే ఒక గదీ దొరకదు, రెండు గదులూ పక్కన దొరకవు.

వీసా గురించి కూడా: ఓడ సింగపూర్‌లో బయల్దేరి పినాంగ్ వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది. అంటే మీరు సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెడతారు. మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాల్సిందే, పిల్లలకు కూడా.

కాజీపేట నుంచి

మావాడికి 17. వాడూ, మన గ్రూపులోని ఇంకో ముగ్గురు అబ్బాయిలూ కలిసి ఒక గదిలో ఉంటామని పట్టుబట్టారు. మంచి పిల్లలే. వీలవుతుందా?

గదుల బాధ్యత, హన్మకొండ

మంచి పిల్లలే అన్నా, మా బాబుకు వాళ్లు బాగా తెలుసు. కానీ ఓడవాళ్లు ఒప్పుకోరు. గదిలో కనీసం ఒక పెద్దమనిషి పేరుండాలి. అమెరికా రేవుల నుంచి వెళ్లే చాలా ఓడల్లో పెద్దమనిషి అంటే 21 నిండాలి, ఆసియాలో చాలావాటికి 18. తల్లిదండ్రుల గది పక్కనే లేదా ఎదురుగా ఉంటే వాళ్ల సొంత పిల్లలకు సడలింపు ఇచ్చే కంపెనీలున్నాయి, వేరే ఇంటి పిల్లలను కలిపితే మాత్రం కుదరదు.

చాలామంది చేసే పద్ధతి ఒకటుంది. ఒక గది తండ్రి, కొడుకు పేర్ల మీద, ఇంకో గది తల్లి, కూతురి పేర్ల మీద తీసుకుంటారు. ఎక్కాక కౌంటర్‌లో అడిగితే అదనపు తాళం కార్డులిస్తారు. పిల్లలిద్దరూ ఒక గదిలో, పెద్దవాళ్లు ఒక గదిలో పడుకోవచ్చు. లేదా పేర్లున్నట్టే ఆడవాళ్లు ఒక గది, మగవాళ్లు ఒక గది. మాలాగా అమ్మాయి, అబ్బాయి ఉన్న ఇంట్లో నాకు ఈ రెండోదే బాగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడికి చేరాలో గదిని బట్టి నిర్ణయిస్తారు. దాన్ని మస్టర్ స్టేషన్ అంటారు, దాని గుర్తు మన కార్డు మీదే ఉంటుంది. 2012లో ఇటలీ దగ్గర కోస్తా కాంకోర్డియా ఓడ ఒరిగిపోయినప్పుడు, అదే రోజు ఎక్కినవాళ్లలో చాలామందికి ఇంకా డ్రిల్, అంటే ప్రమాదంలో ఏం చేయాలో నేర్పే సాధన, జరగలేదు. ఆ తర్వాతే నియమం మార్చి, ఓడ కదిలే ముందే లేదా కదిలిన వెంటనే డ్రిల్ చేయాలన్నారు. మీ పిల్లాడు పేరున్న గది వదిలి దూరంగా స్నేహితుల గదిలో పడుకుంటే, సైరన్ మోగినప్పుడు వాడు ఒక చోటికి పరిగెత్తుతాడు, వాడి పేరున్న లిస్టు ఇంకో చోట ఉంటుంది. గదులు పక్కపక్కనుంటే సాధారణంగా అందరికీ ఒకే చోటు వస్తుంది. ప్రమాద సైరన్ అంటే ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగాటి కూత: పిల్లలకు ఇది ఇంట్లోనే నేర్పి తీసుకురండి. డ్రిల్ అప్పుడు ఫోన్లు చూసుకోనివ్వకండి.

అబ్బాయిలు కలిసి గడపడానికి 13 నుంచి 17 వాళ్లకు విడిగా క్లబ్ ఉంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా ఆడుకోవచ్చు. చాలా ఓడల్లో ఒంటిగంట దాటితే 18 లోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా తిరగకూడదు. నాలుగు కుటుంబాల గదులూ ఒకే కారిడార్‌లో అడుగుతాను, తలుపు కొడితే పలికేంత దూరంలో ఉంటారు.

మంచిర్యాల నుంచి

మా అత్తమ్మ వస్తున్నారు. గది ఫొటో చూపిస్తే "గిదేం గది బిడ్డా, కిటికీ గూడ లేదు. తెల్లారిందో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నారు. ఆమెకు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి దీపం పెట్టుకునే అలవాటు. మనవరాళ్లేమో పదింటి దాకా లేవరు. ఎవరిని ఎవరితో వేయాలో అర్థం కావడం లేదు.

గదుల బాధ్యత, హన్మకొండ

అత్తమ్మ అడిగింది సరైన ప్రశ్న. లోపలి గదిలో లైటు ఆపితే కటిక చీకటి, పగలో రాత్రో తెలియదు. దానికి మేము కనిపెట్టిన ఉపాయం: టీవీలో ఓడ ముందువైపు కెమెరా చూపించే ఛానల్ ఉంటుంది చాలా ఓడల్లో. సౌండ్ తీసేసి అది పెట్టి వదిలేయండి. రాత్రంతా మసక వెలుగు, తెల్లారితే టీవీలోనే తెల్లారుతుంది.

అయినా అత్తమ్మకు మాత్రం కిటికీ ఉండాలనే అంటాను. మీరు ఐదుగురు కాబట్టి ఇలా చేయండి. అత్తమ్మ, మీరు, మీ వారు బాల్కనీ గదిలో. పిల్లలిద్దరికీ సరిగ్గా ఎదురుగా లోపలి గది. దాని మీద మీ పేరు కూడా రాయించండి, మీరు అటూ ఇటూ ఉండొచ్చు. చీకటి గది పిల్లల నిద్రకు సరిగ్గా సరిపోతుంది. అత్తమ్మ తెల్లవారుజామున బాల్కనీలో కూర్చుని సూర్యోదయం చూసుకుంటారు. మూడో పడక సోఫాయే అయ్యేలా రాయించండి, పైపడక వద్దు. ఆమె ఎక్కకపోయినా చీకట్లో నిచ్చెన అడ్డమే. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజే చేయి పట్టుకుని రెండుసార్లు దాటించండి. దీపం, అగరుబత్తి గదిలో వెలిగించనివ్వరు, ఓడలో నిప్పు అంటే అంత భయం. బ్యాటరీ దీపం తీసుకెళ్లండి, ఈ మాట ముందే మెల్లగా చెప్పండి. అక్కడికి వెళ్లాక తెలిస్తే ఆమె మనసు నొచ్చుకుంటుంది.

కడుపులో తిప్పే తత్వం ఉన్నవాళ్లకు కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో గది మంచిది, ఊపు అక్కడ తక్కువ. స్విమ్మింగ్ పూల్ కిందా, బఫే కిందా ఉన్న గదులు నేనే లిస్టులోంచి తీసేస్తున్నాను. పొద్దున ఐదింటికే పైన కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తే మనకు కావాలి.

హన్మకొండ నుంచి, కొత్తగా చేరినవారు

అక్కా, మేం ఇద్దరమే, నేనూ మా పాపా. పాపకు 15. కుటుంబాల మధ్యలో మేం వేరుగా కనబడతామేమో అని పేరివ్వాలా వద్దా అనుకుంటున్నాను.

గదుల బాధ్యత, హన్మకొండ

తప్పకుండా ఇవ్వు చెల్లెమ్మా. మీ ఇద్దరికి ఒక గది పూర్తిగా సరిపోతుంది, పైపడక, సోఫా ఏమీ దించక్కర్లేదు. మా గదుల పక్కనే మీది అడుగుతాను. భోజనాల బల్ల కూడా మాతోనే రాయిస్తున్నాను, మా పాపకు తోడు దొరుకుతుంది. ఖర్చు తగ్గాలంటే ఇంకో తల్లీకూతుళ్లతో కలిపి నలుగురి గది తీసుకోవచ్చు, కానీ ఆ వయసు పిల్లకు కొత్తవాళ్లతో ఒకే బాత్రూమ్ వద్దనే నా సలహా.

కరీంనగర్ నుంచి

వదినా, మీరు పంపిన లెక్క చూశాం. రెండు లోపలి గదులే ఖాయం చేయండి. నలుగురి ఫోన్లు, వాచీలు, హెయిర్ డ్రయ్యర్ ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకోవచ్చా?

గదుల బాధ్యత, హన్మకొండ

వద్దు తమ్ముడూ, సామాను చెకింగ్‌లో తీసేసుకుంటారు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ కూడా అంతే. నాలుగు యూఎస్‌బీ రంధ్రాలున్న చార్జర్ తెచ్చుకోండి, రెండు గదుల్లో ప్లగ్గులు సరిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ గదిలోనే ఉంటుంది.

అన్నట్టు, ప్రతి కుటుంబమూ ఫ్రిజ్ మీది అయస్కాంతాలు రెండు తెచ్చుకోండి. ఓడలో గోడలూ తలుపులూ చాలావరకు ఇనుమే, అంటుకుంటాయి. నడి సముద్రంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉన్నట్టు కనబడితే అది ఓడ నెట్‌వర్క్, బిల్లు వాచిపోతుంది, అందరివీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. కిందటిసారి మా పాప తలుపు మీద చీటీ పెట్టి వెళ్లేది: "పై డెక్కు, 9:30కి వస్తా." టైము కొట్టేసి 10 అని దిద్దిన చీటీ ఒకటి ఇప్పటికీ నా పర్సులో ఉంది.

మంచిర్యాల వాళ్లవి, కరీంనగర్ వాళ్లవి ఖాయం. కాజీపేట నాలుగు కుటుంబాలకు ఒకే కారిడార్ రేపు అడుగుతాను. మిగతావాళ్లు ఆదివారం రాత్రిలోగా ఎవరెవరు ఏ గదిలో అన్నది వయసులతో సహా రాయండి. పాస్‌పోర్టు ఫొటోలు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే పూర్తిగా, ఒక్క అక్షరమే ఉంటే ఆ ఒక్క అక్షరమే టికెట్‌లోనూ ఉండాలి. అది నేను ఒక్కొక్కటీ సరిచూసి ఏజెంట్‌కు పంపుతాను.