మొబైల్ ఫేజ్ కొత్తగా కలిపినప్పుడల్లా డైక్లోఫెనాక్ పీక్ పక్కకి జరుగుతోంది, పీహెచ్ మాత్రం సరిగ్గానే ఉంది (పీహెచ్‌డీ గురించి కూడా ఒక డౌట్)

పాశమైలారం క్యూసీ:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ అనలిటికల్ చేశాను, చాలా కాలంగా ఫార్మా క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) హెచ్‌పీఎల్‌సీ (ద్రవ ప్రవాహంతో పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) మీదే పని. మా దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుకి పాత ఇన్‌హౌస్ మెథడ్ ఒకటుంది. 10 మిల్లీమోలార్ పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, పీహెచ్ 4.5, అసిటోనైట్రైల్ 45 శాతం, సీ18 కాలమ్ (నూనెలాంటి పొర ఉన్న రేణువులు నింపిన గొట్టం). మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పారే ఆ ద్రవం) కొత్తగా కలిపితే చాలు, పీక్ (మందు బయటికొచ్చినప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరం) పక్కకి జరుగుతుంది. ఒక్కోసారి 6 నిమిషాల దగ్గర వస్తుంది, ఒక్కోసారి 8 దాటుతుంది. ఒకే బాటిల్‌తో నడిపినంతసేపూ గడియారంలా ఉంటుంది. కాలమ్ మార్చాం, పంప్ సీల్స్ మార్చాం, పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్ పాస్. షిఫ్ట్ మారుతోందంటేనే టెన్షన్.

రెండో డౌట్: పీహెచ్‌డీ చేయాలని ఉంది. లిక్విడ్ క్రోమటోగ్రఫీలో కనిపెట్టాల్సిందంతా కనిపెట్టేశారు, ఇంక రీసెర్చ్ ఏముందని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా?

పంప్ డాక్టర్:
సీల్స్ మార్చే ముందు ఇది చేయాల్సింది తమ్ముడూ. శాంపిల్‌లో కొంచెం యురాసిల్, కొంచెం టోలుయీన్ కలిపి ఇంజెక్ట్ చెయ్. యురాసిల్ కాలమ్‌లో దాదాపు ఆగదు కాబట్టి డెడ్ టైమ్ (ఆగకుండా బయటికి రావడానికి పట్టే సమయం) తెలుస్తుంది. టోలుయీన్‌కి ఛార్జ్ లేదు, పీహెచ్ ఎంతైనా దానికి పట్టదు. మూడు పీకులూ ఒకే నిష్పత్తిలో జరిగితే ఫ్లో చూసుకో. యురాసిల్ కదలకుండా మిగతా రెండూ జరిగితే ఆర్గానిక్ శాతమో, ఓవెన్ టెంపరేచరో. డైక్లోఫెనాక్ ఒక్కటే జరిగితే మాత్రం పంప్ జోలికి పోకు, పీహెచ్ సంగతి చూడు.

ఎలా కలుపుతున్నారో కూడా చెప్పు. కొన్ని ల్యాబుల్లో 550 మి.లీ. బఫర్ తీసుకుని, లీటరు మార్కు దాకా అసిటోనైట్రైల్ పోసేస్తారు. నీళ్లూ అసిటోనైట్రైలూ కలిస్తే మొత్తం కాస్త తగ్గుతుంది, పైగా చల్లబడుతుంది. అంటే 450 కంటే ఎక్కువే పోస్తున్నారన్నమాట. ఆర్గానిక్ 1 శాతం పెరిగితే చిన్న అణువుల రిటెన్షన్ ఫ్యాక్టర్ (కాలమ్‌లో ఎంత ఆగుతాయన్న కొలత) సుమారు 10 శాతం పడిపోతుంది. టెంపరేచర్ అయితే డిగ్రీకి 1–2 శాతమే. నీ తేడా చూస్తే ఓవెన్ తప్పు కాదనిపిస్తోంది.

పాశమైలారం క్యూసీ:
థాంక్స్ అన్నా, చేశాను. మేం విడివిడిగా కొలిచే కలుపుతాం. యురాసిల్, టోలుయీన్ రెండూ ఉన్నచోటే ఉన్నాయి, డైక్లోఫెనాక్ ఒక్కటే జరిగింది. కానీ లాగ్‌బుక్‌లో అన్ని రోజులూ 4.5 అనే ఉంది! అందరినీ అడిగితే ఇంకో సంగతి బయటపడింది. కొందరు బఫర్‌లోనే పీహెచ్ సరిచేస్తున్నారు, కొందరు అసిటోనైట్రైల్ కలిపాక సరిచేస్తున్నారు. ఎప్పుడు కొలవాలో ఎస్‌ఓపీలో (రాతపూర్వక పని విధానం) రాయలేదు.

బఫర్ బాబాయ్:
దొరికింది. ఇక్కడ రెండు సమస్యలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

మొదటిది, మీరు కొలిచే చోటు. మీటర్‌ని నీళ్ల బఫర్లతో కాలిబ్రేట్ చేసి, ఆ ఎలక్ట్రోడ్‌ని అసిటోనైట్రైల్ ఉన్న ద్రావణంలో పెడితే వచ్చే అంకె వేరు. ఫాస్ఫోరిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాల పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) అసిటోనైట్రైల్ పెరిగేకొద్దీ పైకి పోతుంది. అందుకే నీళ్లలో 4.5 ఉన్నది కలిపాక ఎక్కువగా కనబడుతుంది. అది చూసి మీవాళ్లు ఫాస్ఫోరిక్ ఆమ్లం చుక్కలు వేసి మళ్లీ 4.5కి దించుతున్నారు. అప్పుడు డైక్లోఫెనాక్‌లో ఛార్జ్ లేని భాగం పెరిగి, పీక్ ఆలస్యంగా వస్తుంది. ఆ 8 నిమిషాల రోజులు వాళ్లవే అయ్యుంటాయి, లాగ్‌బుక్ తీసి చూడు.

రెండోది ఇంకా ముఖ్యం. అది బఫరే కాదు. ఫాస్ఫేట్ పీకేఏలు 2.1, 7.2, 12.3. వాటికి అటూ ఇటూ ఒక యూనిట్ లోపలే అది పీహెచ్‌ని నిలబెట్టగలదు. 4.5 దగ్గర దాని బఫర్ సామర్థ్యం గరిష్ఠంలో 3 శాతం కూడా ఉండదు. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ని ఉత్త నీళ్లలో వేస్తే దానంతట అదే 4.5 చుట్టుపక్కల ఆగుతుంది. ఆ మెథడ్ రాసినాయన ఉప్పు కరిగించి, మీటర్ చూపించింది రాసుకున్నాడని నా అనుమానం. ఇలాంటివి చాలా చూశాను.

పోనీ మందు అయినా ఆ పీహెచ్‌ని పట్టించుకోని రకమా అంటే అదీ కాదు. డైక్లోఫెనాక్ పీకేఏ నీళ్లలో సుమారు 4.2 అనుకుందాం. పీహెచ్ 4.5 దగ్గర ఛార్జ్ లేని భాగం 33 శాతం, 4.6 దగ్గర 28 శాతం చిల్లర. సీ18 మీద ఆగేది ప్రధానంగా ఆ భాగమే. అంటే 0.1 తేడాకే రిటెన్షన్ ఇంచుమించు 15 శాతం కదులుతుంది. అదే 2.5 దగ్గరైతే 98 శాతం, 2.6 దగ్గర 97.5. మీటర్ కాస్త తప్పు చూపించినా పీక్ కదలదు. పైగా అక్కడ ఫాస్ఫేట్ నిజంగానే బఫర్. అమెరికా ఫార్మకోపియాలో డైక్లోఫెనాక్ సోడియంకి వాడింది కూడా పీహెచ్ 2.5 ఫాస్ఫేటే.

కాబట్టి ఎస్‌ఓపీలో “ఆర్గానిక్ కలపక ముందు పీహెచ్ సరిచేయాలి” అనే వాక్యం చేర్చండి. అది తాత్కాలికం. అసలు పరిష్కారం పీహెచ్ 2.5కి మారడం.

వైజాగ్ మేడమ్:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే, కానీ ఈ తమ్ముడు రేపు పొద్దున్నే 2.5తో రిలీజ్ శాంపిల్ (మార్కెట్‌కి పంపే బ్యాచ్‌ది) నడిపేస్తాడేమోనని భయంగా ఉంది. ఫార్మకోపియా మెథడ్లకే పీహెచ్‌లో ప్లస్ ఆర్ మైనస్ 0.2 వరకే సర్దుబాటు ఉంటుంది. 4.5 నుంచి 2.5 అంటే అది సర్దుబాటు కాదు, వేరే మెథడ్. చేంజ్ కంట్రోల్ (మార్పుకి అధికారిక అనుమతి ప్రక్రియ) వేసి, మళ్లీ వాలిడేషన్ (మెథడ్ సరిగ్గా పనిచేస్తుందన్న రుజువు) చేసి, అప్పుడు వాడాలి. 2023 నవంబర్‌లో ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) ఆమోదించిన క్యూ14 మార్గదర్శకం ఇలాంటి వాటి గురించే: ఏ అంశం కదిలితే ఫలితం కదులుతుందో ముందే తెలుసుకుని మెథడ్ తయారుచేయమంటుంది. ఆ టోలుయీన్ క్రోమటోగ్రామ్‌లు దాచిపెట్టు, ఇన్వెస్టిగేషన్ రిపోర్టుకి పనికొస్తాయి.

ఇక పీహెచ్‌డీ. మీ సీనియర్ మాటతో నేను ఒప్పుకోను. నీ పీక్ ఎందుకు జరిగిందన్న ప్రశ్న మీదే కొందరు తమ కెరీర్ మొత్తం పెట్టారు. హంగరీలో పుట్టిన చాబా హోర్వాత్ 1956 తిరుగుబాటు తర్వాత జర్మనీ వెళ్లి, హోచ్‌స్ట్ కంపెనీలో రంగుల మీద పనిచేసి, ఆ తర్వాతే ఫ్రాంక్‌ఫర్ట్‌లో పీహెచ్‌డీ చేశారు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయం. 1976లో ఆయన బృందం చెప్పిందేమిటంటే, రివర్స్‌డ్ ఫేజ్‌లో (సీ18 లాంటి కాలమ్‌లతో చేసే పద్ధతి) అణువుని సీ18 లాగడం కంటే నీళ్లు బయటికి నెట్టడమే ఎక్కువ అని. ఆ మరుసటి ఏడాది బలహీన ఆమ్లాలు, క్షారాల రిటెన్షన్ పీహెచ్‌తో ఎలా మారుతుందో సమీకరణాలతో సహా ఇచ్చారు. బాబాయ్ గారి 33, 28 లెక్కకి మూలం అదే దారి.

అక్కడితో ఆగిపోయిందా? లేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పీటర్ కార్ బృందం 1993లో ఆ వివరణనే తిరగదోడింది. నీళ్లు నెట్టడం ఒక్కటే కాదు, స్టేషనరీ ఫేజ్ (కాలమ్‌లోని పొర) ఆకర్షణకీ పెద్ద వాటా ఉందని వాదించింది. కార్ గారి పని నాకు ప్రత్యేకంగా ఇష్టం. ద్రావణంలో అణువుల మధ్య బలాల్ని కొలిచి, వాటితో రిటెన్షన్‌ని వివరించారు. కాలమ్‌లో నింపే సిలికా క్షార పీహెచ్‌లో కరిగిపోతుంది కదా, దానికి బదులు జిర్కోనియాతో (జిర్కోనియం ఆక్సైడ్) కాలమ్‌లు చేశారు. ఇక మీ ల్యాబులో గొడవ, పీహెచ్ ఎప్పుడు కొలవాలన్నది, బార్సిలోనా విశ్వవిద్యాలయంలో మార్టీ రోసెస్, ఎలిసబెత్ బాష్‌ల పరిశోధన విషయం. రిటెన్షన్‌ని అర్థం చేసుకోవాలంటే కలిపాక కొలిచిన పీహెచ్చే సరైనదని వాళ్లు చూపించారు. క్యూసీలో రోజువారీ పనికి ముందు కొలవడమే సుఖం. రెండూ నిజమే, అవసరాలు వేరు.

పాశమైలారం క్యూసీ:
మేడమ్, ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు. ఈ డైక్లోఫెనాక్ డేటానే థీసిస్‌లో పెట్టుకోవచ్చా?

వైజాగ్ మేడమ్:
కంపెనీ డేటా లిఖితపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోకు. అసలు అవసరం కూడా లేదు. బెంజోయిక్ ఆమ్లం, అనిలిన్, టోలుయీన్ లాంటి మామూలు పదార్థాలతో ఇదే ప్రశ్న అడగొచ్చు. ఆమ్లాల పీకేఏ అసిటోనైట్రైల్‌తో పెరుగుతుంది, ప్రోటాన్ తీసుకున్న అమీన్లది తగ్గుతుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో అమీన్ మందు ఉంటే రెండూ చెరో దిక్కుకి పోతాయి. అక్కడ చాలా పని ఉంది.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు, యజమాని నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఫుల్ టైమ్ అయితే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37,000, కానీ దానికి వయసు పరిమితి ఉంది, చూసుకో. హైదరాబాద్‌లోనే తార్నాకలో ఐఐసీటీ, బాలానగర్‌లో నైపర్, ఉస్మానియా ఉన్నాయి. గైడ్‌ని కలిసే ముందు ఆయన ఇటీవలి పేపర్లు చదువు. అన్నీ “ఫలానా టాబ్లెట్‌కి ఆర్‌పీ హెచ్‌పీఎల్‌సీ మెథడ్ డెవలప్‌మెంట్ అండ్ వాలిడేషన్” రకమైతే వేరే చోటు చూడు. అలాంటి థీసిస్‌లు మన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఆ పని నీకు ఉద్యోగంలోనే వచ్చేసింది, దానికోసం ఏళ్లు పెట్టొద్దు.

పంప్ డాక్టర్:
మేడమ్ మాటకి ఒక్క సవరణ. యూనివర్సిటీకి పోకుండా పెద్ద పని చేసినవాళ్లూ ఉన్నారు. లాయిడ్ స్నైడర్ యూనియన్ ఆయిల్‌లో, జాక్ కిర్క్‌లాండ్ డుపాంట్‌లో ఉండే ఈ రంగానికి పునాదులు వేశారు. అయితే అవి రీసెర్చ్ ల్యాబులు, షిఫ్ట్ క్యూసీ కాదులే.

పాశమైలారం క్యూసీ:
చేంజ్ కంట్రోల్ వేశాం. ట్రయల్‌గా 2.5తో నడిపితే పీక్ కదలడం లేదు, కానీ బాగా ఆలస్యంగా వస్తోంది. ఇంకో తలనొప్పి, శాంపిల్‌ని మొబైల్ ఫేజ్ బఫర్‌లో కలిపితే తెల్లగా మడ్డిలా దిగుతోంది.

బఫర్ బాబాయ్:
ఆలస్యానికి అసిటోనైట్రైల్ పెంచు, 55 దగ్గర మొదలుపెట్టు. 70 దాటనీయకు, ఫాస్ఫేట్ ఉప్పు పంప్‌లోనే దిగుతుంది. ఆ తెల్ల మడ్డి డైక్లోఫెనాక్ ఆమ్లమే. సోడియం లవణంగా కరిగింది కాస్తా 2.5లో ప్రోటాన్ తీసుకుని బయటపడింది. బఫర్‌లో కలపకు, డైల్యూయెంట్‌గా మిథనాల్, నీళ్లు 70:30 వాడు. ఆమ్లంలో కలిపిన శాంపిల్ ఎక్కువసేపు ఉంచొద్దు. డైక్లోఫెనాక్ ఆమ్లంలో నీటి అణువుని పోగొట్టుకుని “ఇంపూరిటీ ఏ” అనే మలినంగా మారుతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. ఆటోశాంప్లర్‌ని చల్లగా పెట్టి, సొల్యూషన్ స్టెబిలిటీ పరీక్ష చేసి, ఎన్ని గంటలు ఉంచొచ్చో మెథడ్‌లో రాయి. పీహెచ్ ఎప్పుడు కొలవాలో కూడా.